లోపలి గది పనితనం

ఇల్లు తుడిచేటప్పుడు ఫోన్ నడుముకి దోపుకోవడం ఆమెకి ఈ మధ్యనే వచ్చిన అలవాటు. వంగినప్పుడల్లా అది పక్కటెముకకి గుచ్చుకుంటుంది. గుచ్చుకున్నప్పుడల్లా మోగిందేమోనని తీసి చూస్తుంది. ఏమీ ఉండదు. మళ్ళీ దోపుకుని, తడిగుడ్డ పిండుకుని, మంచం కిందికి చెయ్యి చాపుతుంది. నీళ్ళ చప్పుడులో మోత వినపడదేమోనని గిన్నెలు తోమేటప్పుడు మధ్యమధ్యలో కుళాయి కట్టేసి చెవి ఒగ్గుతుంది. స్నానానికి వెళ్ళినా ఫోన్ గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి, తలుపు సగమే వేసుకుంటుంది. పద్దెనిమిది రోజులుగా ఇదే వరస. యాభై రెండేళ్ళ వయసులో, జన్మలో మొదటిసారి ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది మరి.

"ఇంకా ఎవరూ చెయ్యలేదా?" అన్నాడు భర్త, పేపరు మొహం మీంచి దించకుండానే. ఆమె కింద తుడుచుకోవడానికి వీలుగా కాళ్ళు మాత్రం కుర్చీలోకి ఎత్తుకున్నాడు.

"లేదండీ."

"చేస్తార్లే. చెయ్యకపోతే మాత్రం మనకొచ్చిన లోటేముంది? ఈ వయసులో నిన్ను పెట్టుకుంటే వాళ్ళకి తలనొప్పి, నీకు నడుంనొప్పి." తన మాటకి తనే నవ్వుకుని, పేపరు కాస్త పక్కకి జరిపి చూశాడు. "అదుగో, ఆ మూల మరక వదిలేశావు. కనపడటం లేదా?"

ఆమె చూసింది. అది మరక కాదు, కిటికీ ఊచ నీడ. అయినా తుడిచింది. తుడిచాక కూడా అది అక్కడే ఉంది. ఉన్నది నీడా, మరకా అని ఒక్క క్షణం నిజంగానే తేల్చుకోలేకపోయింది.

వాళ్ళకి పాతికేళ్ళ పైన కళ్ళద్దాల షాపు ఉండేది. ముందు గదిలో భర్త. ఇస్త్రీ చొక్కా, గాజు బల్ల, గోడకి పెద్దవి చిన్నవి అక్షరాల పట్టిక. వీధి వీధంతా ఆయన్ని డాక్టరుగారనే పిలిచేది. తను డాక్టరు కాకపోయినా ఆ పిలుపు వద్దని ఆయన ఏనాడూ అనలేదు. ఆయన వెనక ఒక తెర. తెర అవతల కిటికీ లేని ఇరుకు గది. ఆ గదిలో నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతుంటే గిర్రున తిరిగే సానరాయి, దాని ముందు పీట మీద ఆమె. బయటి నుంచి గుండ్రటి అద్దాలూ, ఫ్రేమూ, పవరు రాసిన చీటీ తెర సందులోంచి లోపలికి వచ్చేవి. ఆమె అద్దాల అంచులు రాయి మీద అరగదీసి, ఫ్రేములో బిగించి, అదే సందులోంచి బయటికి అందించేది. "ఏం ఫిట్టింగండీ డాక్టరుగారూ, మొహాన ఉన్నట్టే లేదు!" అని ఎవరో ఒకరు అనేవారు. "చెయ్యి తిరిగిన పని కదండీ" అనేవాడాయన. ఎవరి చెయ్యో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మొదట్లో ఆ పీట మీద ఒక ముసలాయన కూర్చునేవాడు. ఫిట్టరు తాత అనేవాళ్ళు. ఆమె టీ తీసుకెళ్ళి ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి చూసేది. చూస్తున్న మనిషికి చెప్పకుండా ఉండలేని స్వభావం తాతది. "వేలితో విను తల్లీ, చెవితో చూడు" అంటూ ఒక్కో మెళకువా విప్పి చెప్పేవాడు. ఒకరోజు పనిలోకి రాలేదు. మర్నాడూ రాలేదు. వెళ్ళొస్తానని కూడా అనకుండా ఆ మనిషి అలా మాయమైపోయాడు. "ఇంకొకడు దొరికేదాకా ఓ రెండు రోజులు నువ్వు కూర్చో" అన్నాడు భర్త. ఆ రెండు రోజులు ఇరవై నాలుగేళ్ళయ్యాయి. పొద్దున వంట, మధ్యాహ్నం రాయి, సాయంత్రం మళ్ళీ వంట. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆమె షాపు నుంచి గుమ్మంలో అడుగు పెట్టగానే ఒకే మాటతో ఎదురొచ్చేది: "కూర్చుని చేసే పని అయిపోయిందా? నిలబడి చేసే పని ఇంట్లో నీకోసమే ఎదురు చూస్తోంది." అత్తగారు పోయి ఆరేళ్ళయినా ఆ గొంతు మాత్రం వంటింటి గుమ్మం వదల్లేదు.

నాలుగు నెలల కిందట భర్త షాపు మూసేశాడు. పెద్ద పెద్ద షాపులు వచ్చాక బేరాలు తగ్గిన మాట నిజమే. మూసేద్దామనుకుంటున్నానని ఆయన స్నేహితులకి చెప్పాడు, షాపు గది యజమానికి చెప్పాడు. ఆమెకి మాత్రం, క్యారియరు పట్టుకుని వెళ్ళిన రోజున, ఇద్దరు మనుషులు సానరాయిని వ్యానులోకి ఎత్తుతుంటే తెలిసింది. దాన్ని తుడిచే గుడ్డ ఆమె చేతిలోనే ఉండిపోయింది. "చెప్పడానికేముందే, అది మిషనేగా" అన్నాడు. తల్లిని స్ట్రెచరు మీద తీసుకెళ్ళినప్పుడు ఆమె చేతిలో ఒక ఫ్లాస్కు ఉండిపోయింది. కూతురు పెళ్ళయి వెళ్ళిపోయినప్పుడు తల దువ్విన దువ్వెన ఉండిపోయింది. ఎవరు వెళ్ళినా ఇలా ఏదో ఒకటి చేతిలో మిగిలిపోయి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మంలో నిలబడిపోవడం ఆమెకి అలవాటే. కానీ ఈసారి వెళ్ళినది తనే అయినట్టు ఉంది. వారం తిరిగేసరికి వేలి కొసల మీద కాయలు మెత్తబడటం మొదలైంది. బొటనవేలితో వాటిని తడుముకుంటూ, ఇవి పూర్తిగా పోతే ఇక నేనెవర్ని అనుకుని బెదిరిపోయింది. ఆ బెదురే ఆమెని వీధి చివర టైపు అక్క దగ్గరికి నడిపించింది.

టైపు అక్కకి జిరాక్సు మిషనూ, కంప్యూటరూ, ఎవరినైనా ఏకవచనంలో పిలిచే హక్కూ ఉన్నాయి.

"ఏం పని చేసేదానివి? చెప్పు, కొడతాను" అంది కీబోర్డు మీద వేళ్ళు పెట్టి.

"పనేం లేదక్కా. షాపులో మా ఆయనకి సాయం."

"సాయమంటే? టీ కాచి ఇచ్చేదానివా?"

"అదీ ఇచ్చేదాన్ని. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేదాన్ని."

"రోజుకెన్ని?"

"పది. ఒక్కోరోజు పదిహేను."

"మీ ఆయన ఎన్ని బిగించేవాడు?"

ఆమె జిరాక్సు మిషను మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"మరి ఎవరు ఎవరికి సాయం చేశారే తల్లీ?" అంటూ అక్క టకటకా కొట్టేసింది. 'లెన్సు ఫిట్టింగులో ఇరవై నాలుగేళ్ళ అనుభవం.' తెర మీద ఆ మాట చూసి ఆమె అటూ ఇటూ చూసింది. ఎవరైనా చూస్తే అబద్ధమంటారేమోనని భయం.

అక్క అంతటితో వదల్లేదు. "ఇదిగో, ఉద్యోగం వెతకడం కూడా ఒక ఉద్యోగమే. కనపడ్డ ప్రతి చోటా కాగితం పడెయ్యకు. మూడు చోట్లు చాలు, బాగా చూసి ఎంచుకో. రోజూ పొద్దున ఒక గంట ఆ పనికే. ఆ గంటలో పొయ్యి మీద ఏమీ పెట్టకు, పెట్టావా నీ బుర్ర గిన్నెలోనే ఉంటుంది. మిగతా పొద్దంతా దాని గురించి ఆలోచించకు. వారం దాటినా కబురు రాకపోతే నువ్వే వెళ్ళి అడుగు. అన్నిటికంటే ముందు, అద్దం ముందు నిలబడి 'నాకు ఈ పని వచ్చు' అని పైకి అనడం అలవాటు చేసుకో. లోపల అనుకుంటే లెక్కలోకి రాదు." చివర్లో, "ఫోన్ నంబరు చెప్పు" అంది. ఆమె చెప్పింది. ఆరోజు మొత్తం మీద ఆమె తడుముకోకుండా చెప్పింది అదొక్కటే.

అక్క చెప్పినట్టే చేసింది. పొయ్యి ఆర్పేసి, గంట పాటు పేపర్లో ప్రకటనలు చదివింది. మూడు చోట్లు ఎంచుకుంది. రెండు పెద్ద షాపులు. మూడోది ఊరి చివర వర్క్‌షాపు, ఎన్నో షాపులకి అద్దాలు అక్కడే తయారవుతాయి. మనసంతా ఆ మూడోదాని మీదే. అద్దం ముందు నిలబడి "నాకు ఈ పని వచ్చు" అని కూడా అంది. కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున అంది. ఎన్నిసార్లు అన్నా అది ఎవరినో అడుగుతున్నట్టే వినిపించింది.

ఆ తర్వాత మొదలయింది ఎదురుచూపు. మొదటి వారం ఆశగా ఉంది. రెండో వారం ఆశ ఉన్నచోట భయం వచ్చి కూర్చుంది. కాగితం చూసి నవ్వుకుని ఉంటారు. ఇరవై నాలుగేళ్ళంటే నమ్మి ఉండరు. లేకపోతే అందరికీ తెలిసిన సంగతేదో తనకొక్కదానికే తెలియదు. ఇంట్లో ఆయన రోజుకొకటి పట్టుకుంటున్నాడు. బొత్తాం కాజాకి ఎదురుగా కుట్టలేదన్నాడు. గ్లాసుకి సబ్బు వదల్లేదన్నాడు. "నీకు చూపు ఆనడం లేదే, ఒప్పుకోవు గానీ" అన్నాడు, ఎంతో మెత్తగా. ఆ మెత్తదనమే ఆమెని భయపెట్టింది. ఆయన బయటికి వెళ్ళగానే మందు డబ్బా మీది సన్నక్షరాలని ఒక కన్ను మూసి చదివేది, రెండో కన్ను మూసి చదివేది. చదవగలిగేది. చదవగలిగాక, ఈ అక్షరాలు నాకు ముందే తెలుసు కాబట్టి కనపడుతున్నాయేమో అనే అనుమానం పట్టుకునేది. సూదిలో దారం ఎక్కించేది. తీసేసి మళ్ళీ ఎక్కించేది. సాయంత్రం ఆయన వచ్చి, టీ గ్లాసు అందుకుంటూ, "ఎవరైనా చేశారా?" అని అడిగేవాడు. అంత శ్రద్ధగా ఆయన ఆమె సంగతులేవీ ఎప్పుడూ అడగలేదు.

"వారం దాటితే వెళ్ళమన్నానా లేదా?" అని టైపు అక్క పద్దెనిమిదో రోజున గదమాయించింది. "ఫోన్‌ని బిడ్డలా చంకనేసుకుని తిరుగుతున్నావు. అది నిన్ను ఉద్ధరిస్తుందా? లే, ఇప్పుడే వెళ్ళు."

భర్తతో కూరగాయలకని చెప్పి, సంచీ పట్టుకుని బస్సెక్కింది. ప్రతి స్టాపులోనూ దిగిపోదామనిపించింది. ఒక స్టాపులో నిజంగానే లేచి నిలబడింది. ఎవరో ఆ సీట్లో కూర్చోబోతే, "దిగటం లేదండీ" అని గబుక్కున కూర్చుంది.

వర్క్‌షాపు ముందు గదిలో కంప్యూటరు దగ్గర ఒక అమ్మాయి ఉంది. తనెవరో ఆమె చెప్పగానే ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది.

"మీరేనా ఆంటీ? మీకు మూడుసార్లు చేశాం కదా!"

"నాకా? రాలేదమ్మా."

"చేశామండీ, రాసుకున్నాం కూడా." అమ్మాయి పుస్తకం తీసి వేలు పెట్టి చదివింది. "మొదటిసారి మీరు ఊరెళ్ళారన్నారు. రెండోసారి ఆవిడకిప్పుడు ఆసక్తి లేదన్నారు. మూడోసారి మా ఇన్‌చార్జి మేడమే చేశారు. ఆవిడకి చూపు ఆనడం లేదు, అయినా ఆవిడ ఎప్పుడూ రాయి దగ్గర కూర్చోలేదు, ఎవరో సరదాకి కాగితం పంపించారు అన్నారట. ఇదేగా మీ నంబరు?"

కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పింది. నంబరు ఆమెకి కంఠతా వచ్చిందే. కూతురి స్కూలు కాగితంలో రాసిందీ, గ్యాసు కాగితంలో రాసిందీ, అత్తగారి ఆస్పత్రి కాగితంలో రాసిందీ, ఇన్నేళ్ళలో ఎవరు ఏ నంబరు అడిగినా నోరు తెరవగానే దానంతటదే వచ్చేదీ అదే. భర్త నంబరు. ఆమె నంబరు ఆమెకి రాదు. ఫోను వెనక అట్టలో చీటీ మీద రాసి ఉంటుంది. ఎవరికీ ఇవ్వని ఆ నంబరుకి ఈ పద్దెనిమిది రోజులు ఎవరు చేస్తారు?

కోపం రాలేదు. కోపం కంటే ముందు భయం వచ్చింది. రోజూ సాయంత్రం టీ గ్లాసు అందుకుంటూ అడిగిన గొంతు చెవిలో మోగింది. అన్నీ తెలిసి అడిగాడు. లేదండీ అని ఆమె అన్నప్పుడల్లా ఆమె మొహం చూశాడు. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి ఎవరో తనకి తెలియదని తెలియడం, చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేకపోవడంలా ఉంది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి, దాని వెనకే వచ్చింది. ఒకవేళ ఆయన చెప్పింది నిజమేనేమో. నా చూపు పోతున్నది నాకంటే ముందు ఆయనకే తెలిసిందేమో.

"లోపలికి రమ్మంటున్నారు" అంది అమ్మాయి.

ఇన్‌చార్జికి నలభై దాటి ఉంటాయి. చేతుల మీద అద్దాల తెల్లపొడి. ఆమెని పైనుంచి కింది దాకా చూసింది.

"మీ ఆయనేమో మీకు కళ్ళు కనపడవంటారు. మీరేమో రెండు బస్సులు మారి సరిగ్గా ఇక్కడికే వచ్చారు. ఏది నమ్మమంటారు?"

"ఒకే బస్సండీ" అంది ఆమె, ఇంకేం అనాలో తెలియక.

ఇన్‌చార్జి నవ్వు ఆపుకుంది. "ఇరవై నాలుగేళ్ళ అనుభవం అని రాశారు. ఆ మాట ఎవరు చెప్పాలి?"

"ఆయనే చెప్పాలండీ."

"చెప్పేశారుగా. రాయి ముట్టుకోలేదన్నారు."

అప్పుడు ఆమె చేసిన పనికి తర్వాత ఎన్నోసార్లు సిగ్గుపడింది. "వేరే ఎవరి గురించో అనుకుని ఉంటారండీ. ఈమధ్య ఆయనకి కాస్త మతిమరుపు" అంది. ఆ మాట ఎంత అలవాటుగా వచ్చిందంటే, ఆయన చొక్కా మీద పడ్డ మరక ఎవరూ చూడకముందే కొంగుతో తుడిచినట్టు వచ్చింది.

ఇన్‌చార్జి ఆమెని లోపల ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. చాలావరకు అద్దాలు అక్కడ పెద్ద మిషన్లే కోసేస్తున్నాయి. మిషను పట్టని పాత ఫ్రేములకీ, వంకర ఫ్రేములకీ మాత్రం రెండు సానరాళ్ళు ఉంచారు. ఒక రాయి ఖాళీగా ఉంది. "ఈ ఫ్రేముని మిషను మూడుసార్లు వెనక్కి కొట్టింది. చూడండి" అని దళసరి అద్దాల జతా, వంగిన ఫ్రేమూ ముందు పెట్టింది.

ఆమెకి ఎప్పుడూ లేనంత వెలుతురు అక్కడ. నాలుగు కిటికీలు. రాయి కొత్తది, వేగం ఎక్కువ. అద్దం ఆనించగానే జారి కీచుమని అరిచింది. పక్క బల్లల మీది ఆడవాళ్ళూ మగవాళ్ళూ తలెత్తి చూశారు. ఆమె అద్దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. లేచి వెళ్ళిపోవచ్చు. సంచీలో నాలుగు కూరగాయలు వేసుకుని ఇంటికెళ్తే, రోజూ అడిగే ప్రశ్నకి రోజూ చెప్పే జవాబే చెప్పొచ్చు. ఇక ఎప్పటికీ ఎవరూ చెయ్యరు, అంతే కదా. అంతే. ఆ 'అంతే' అనేది ఎంత పెద్దదో, ఎంత పొడుగ్గా చచ్చేదాకా ఉంటుందో ఆమెకి ఆ క్షణంలో కనపడింది. ఎదురుగా ఉన్న అద్దం కంటే స్పష్టంగా కనపడింది. భయమంతా కళ్ళలోనే ఉంది కదా అనుకుని, ఆమె కళ్ళు మూసుకుంది.

"ఏంటమ్మా, కళ్ళు మూసుకుంటారేంటి? వేళ్ళు పోతాయి!" అంది ఇన్‌చార్జి కంగారుగా.

పోలేదు. అద్దం అంచు రాయికి తగిలింది. నీళ్ళ బొట్లలోంచి ఆ సన్నటి రొద వేలి కొసలోకి పాకి వచ్చింది. ఎక్కడ ఎక్కువుందో వేలు చెప్పింది, ఎంత తియ్యాలో రొద చెప్పింది. ఫ్రేము వంకర ఏ వైపుకో బొటనవేలితో తడిమి తెలుసుకుని, అటువైపు గోరంత ఎక్కువ తీసింది. కళ్ళు తెరిచి చూసుకుంది, తుడిచింది, బిగించింది. రెండో అద్దం కూడా. బిగించబోయే ముందు అలవాటుగా అద్దం లోపలి అంచుని రాయి మీద ఊపిరి తగిలినంత తేలిగ్గా ఒక్క చుట్టు తిప్పింది. చాలా ఏళ్ళ కిందట, ఆరేళ్ళ కూతురు పరుగెడుతూ పడి, కళ్ళద్దాల అంచు చెంపకి కోసుకుంది. ఆ రోజు నుంచి ఏ అద్దమైనా ఆ ఒక్క చుట్టు తిరక్కుండా ఆమె చేతిలోంచి వెళ్ళలేదు. చీటీలో అది రాసి ఉండదు, ఎవరూ అడగరు.

ఇన్‌చార్జి కళ్ళద్దాలు అందుకుని, వెలుతురుకి ఎత్తి చూసింది. బొటనవేలితో లోపలి అంచు నిమిరింది. మళ్ళీ నిమిరింది. సొరుగు లాగి ఒక పాత జత తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇవి ఎవరి పనో తెలుసా?"

ఆమె వేలికి చూడకముందే తెలిసింది. "ఈ మనిషి ముక్కుదూలం ఎడమకి వంగి ఉంటుందండీ. అందుకే ఇటువైపు కొంచెం ఎక్కువ తీశాను" అంది. ఆ మనిషి మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. తెర వెనక నుంచి ఆమెకి ఆ ఊళ్ళో మొహాలు తెలియవు, ముక్కులు తెలుసు.

"మీ షాపు జత ఇది. పనంటే ఇలా ఉండాలని కొత్తగా చేరినవాళ్ళకి చూపిస్తుంటాను" అంది ఇన్‌చార్జి నెమ్మదిగా. "మీ షాపు మూసేశారని తెలియగానే మీ ఆయనకే చేశాను, మా దగ్గరికి వచ్చి ఈ పని చెయ్యమని. ఎంత బతిమాలానో. చెయ్యి వణుకుతోంది, మానేశాను అన్నారు."

గదిలో మిషన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి. ఆమెకి అప్పుడు అర్థమైంది. ఆయన భయపడ్డది ఆమె చూపు పోతుందని కాదు.

"సోమవారం తొమ్మిదింటికి రండి. ఒక నెల చూస్తాం, తర్వాత ఖాయం చేస్తాం" అంది ఇన్‌చార్జి. ఆమె చేతులు జోడించబోతే ఆపింది. "ఒక్క మాట. వీళ్ళంతా అడుగుతారు, ఎక్కడ నేర్చుకున్నారు, ఏం చేశారు అని. 'మా ఆయనకి సాయం చేసేదాన్ని' అన్నారనుకోండి, నెల తిరక్కుండా మిమ్మల్ని అద్దాలు కడిగే బల్ల దగ్గర కూర్చోబెడతారు. నేను రోజూ పక్కన నిలబడి చెప్పలేను. ఆ షాపు పని ఎవరిదో మీ నోటితోనే రావాలి. ఇందాక మతిమరుపు అన్నారే, అలాక్కాదు. ఇక్కడికి వచ్చేలోపు ఎక్కడైనా ఒక్కసారి అని చూడండి."

తిరుగు బస్సులో కిటికీ పక్క కూర్చుని ఆమె ఆ మాట అనబోయింది, పెదవులు కదలలేదు. ఉద్యోగం దొరికిన సంతోషం ఎక్కడుందో వెతుక్కుంది, భయం కింద ఎక్కడో నలిగి ఉంది. ఆ మాట అంటే ఆయన ఏమవుతాడు? వీధిలో అందరూ పిలిచే పిలుపు ఏమవుతుంది? ఇన్నేళ్ళూ ఎవరైనా ఆయన్ని ఒక్క మాటంటే ముల్లు ఆమెకే దిగింది. ఇప్పుడు ఆ ముల్లు తనే పట్టుకుని గుచ్చాలి. మనుషులు బస్సులెక్కి, స్ట్రెచర్లెక్కి, పెళ్ళిళ్ళయి వెళ్ళిపోవడం చూసింది ఆమె. ఎవరూ గుమ్మం దాటకుండా, ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర జరిగే ఎడబాటు కూడా ఉంటుందని ఆరోజే తెలిసింది. అది తను ఈరోజు మొదలుపెట్టేది కాదనీ, పద్దెనిమిది రోజుల కిందటే, ఇంకా మాట్లాడితే ఇరవై నాలుగేళ్ళ కిందటే మొదలైందనీ, తను తుడుస్తూ పోవడం వల్ల కనపడలేదనీ కూడా తెలిసింది. కూరగాయల సంగతే మర్చిపోయి, ఖాళీ సంచీతో బస్సు దిగింది.

ఇంటికొచ్చేసరికి ముందు గదిలో మాటలు వినపడుతున్నాయి. ఎదురింటి రిటైర్డు హెడ్‌మాస్టారు వచ్చి ఉన్నాడు. కళ్ళద్దాలు ఊడి రెండు ముక్కలై ఆయన అరచేతిలో ఉన్నాయి.

"షాపు మూసేసి మమ్మల్ని గుడ్డివాళ్ళని చేశారు కదండీ డాక్టరుగారూ" అంటున్నాడు మాస్టారు. "ఆ పెద్ద షాపుకి తీసుకెళ్తే కొత్తవి కొనమంటాడు. మీ చేతి పని ఉండగా కొత్తవెందుకు?"

"ఇటివ్వండి, ఐదు నిమిషాలు" అన్నాడు భర్త. ఆమె వెనకే వంటింట్లోకి వచ్చి, ఆ ముక్కలు ఆమె చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "కాస్త చూడు, త్వరగా" అన్నాడు. ఖాళీ సంచీ చూశాడు. "కూరలేవీ?"

"వర్క్‌షాపుకి వెళ్ళానండీ."

ఆయన ఆ సంచీ తీసుకుని గోడ మేకుకి తగిలించాడు.

"మూడుసార్లు చేశారట. మీరు నాకు చెప్పలేదు."

"ఏం చేశారు? ఎవరు?" అన్నాడు ముందు. తర్వాత చూపు పక్కకి తిప్పుకున్నాడు. "నీ మంచికే అన్నాను. నువ్వు అక్కడ కూర్చుని ఈ పని చేస్తుంటే నన్నేమనుకుంటారు జనం? అది ఒక్కసారైనా ఆలోచించావా?" ఆమె భయపడినట్టే ఆయనా భయపడుతున్నాడు. ఒక్క క్షణం ఎప్పటిలాగే ఆమె మనసు కరిగింది. ఆ క్షణంలోనే ఆయన, "సరే, అదంతా తర్వాత. మాస్టారు కూర్చున్నారు. ముందు ఇది కానీ" అన్నాడు.

ఆమె కుట్టు డబ్బాలోంచి సన్న స్క్రూడ్రైవరు తీసుకుంది. ముక్కలు పట్టుకుని ముందు గదిలోకి నడిచింది. "ఏమే, ఎక్కడికి?" అన్న మాట వెనక నుంచి వినపడింది. కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుని, మాస్టారి ఎదురుగానే కూర్చుని, స్క్రూ బిగించడం మొదలుపెట్టింది.

మాస్టారు వింతగా చూశాడు. గుమ్మంలో నిలబడ్డ భర్త వైపు తిరిగాడు. మళ్ళీ ఆమె వైపు.

"మీకెందుకమ్మా శ్రమ? డాక్టరుగారు చేస్తారుగా?"

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే ఆయన మొహం కనపడుతుంది. ఆ మొహం కనపడితే మాట రాదు.

"ఆయనకి రాదండీ మాస్టారూ" అంది. "ఎప్పుడూ రాదు. మీరు ఇన్నేళ్ళూ పెట్టుకున్న ప్రతి జతా నేను చేసిందే."